స్పైస్ అండ్ వుల్ఫ్: కొత్త అనిమే అయిపోయింది, ఇప్పుడు నవలా, మాంగానా, పాత అనిమేనా?

రాత్రిబండి:
2024లో వచ్చిన కొత్త స్పైస్ అండ్ వుల్ఫ్ అనిమే (జపాన్ బొమ్మల సీరియల్) పాతిక ఎపిసోడ్లూ అయిపోయాయి. రెండో సీజన్ ప్రకటించారు కానీ అందాకా ఆగే ఓపిక నాకు లేదు. నవలలున్నాయి, మాంగా (బొమ్మల కథ) ఉంది, 2008, 2009 నాటి పాత అనిమే ఉంది. దేన్ని పట్టుకోమంటారు?

ఇంకో సంగతి. మొదటి కథలో ఆ వెండి నాణేల బేరం నాకు సగమే ఎక్కింది. ట్రెన్నీ నాణెంలో వెండి తగ్గబోతోందని బండి మీద ఊరూరా తిరిగే మన వర్తకుడు లారెన్స్ పసిగట్టాడు, బాగానే ఉంది. తగ్గేదాన్ని ఎవరైనా వదిలించుకుంటారు కదా? మిలోనె కంపెనీ వాళ్లు ఎగబడి పోగుచేయడమేంటి? వాడి వెంట తిరిగే తోడేలు దేవత హోలో తోక ఊపుతుంటే చూస్తూ లెక్క వదిలేశాననుకోండి, అది వేరే విషయం.

ఐదో సంపుటం దాకా స్పాయిలర్లు వచ్చినా ఇబ్బంది లేదు. ఆపైన మాత్రం వద్దు, దండం పెడతా.

పుస్తకాలపురుగు:
నవలే. అదీ మొదటి సంపుటం నుంచే. అనిమేలో నాలుగు సంపుటాల కథ చూసేశాను కదా అని నేరుగా ఐదు తెరవకు.

ఇసునా హసెకురా ఈ కథంతా లారెన్స్ బుర్రలో కూర్చుని రాశాడు. వాడు ఒక్క మాట అనేముందు లోపల వేసుకునే లెక్క, నాలుక చివరిదాకా వచ్చి మింగేసిన మాట, హోలో చెవి కదిలిందా లేదా అని ఓరకంట చూడటం, చూసి కూడా తప్పుగా అనుకోవడం... ఇవన్నీ పుస్తకంలోనే దొరుకుతాయి. అనిమేలో మనం హోలోని నేరుగా చూస్తాం. అందుకే లారెన్స్ కంటే మనకే ముందు అర్థమైపోతుంది. నవలలో వాడితో పాటు మనమూ బోల్తా పడతాం. ఆ మజా వేరు.

కాస్త పుట్టుపూర్వోత్తరాలు: 12వ దెంగెకి నవలల పోటీలో రజత బహుమతి వచ్చిన రచన ఇది. 2006 ఫిబ్రవరిలో మొదటి సంపుటం దెంగెకి బుంకో అనే పుస్తకాల వరసలో వచ్చింది. బొమ్మలు జూ అయకురా వేశారు. 2011కల్లా 17 సంపుటాలతో అసలు ప్రయాణం ముగిసింది. 2016లో మళ్లీ మొదలైంది కానీ దాని గురించి ఒక్క ముక్క చెప్పినా నువ్వు తిడతావు.

ఇంగ్లీషులో యెన్ ప్రెస్ వాళ్లు 2009 చివర్లో తేవడం మొదలుపెట్టారు. అప్పటి మొదటి సంపుటం అట్ట చూసి అభిమానులు లబోదిబోమన్నారు. అయకురా బొమ్మ తీసేసి ఎవరో అమ్మాయి ఫొటో పెట్టారు మరి! తర్వాత అసలు బొమ్మతో పైఅట్ట కూడా ఇవ్వాల్సి వచ్చింది. 2016లో 17 సంపుటాలూ కలిపి ఒకే బరువైన పుస్తకంగా కూడా వేశారు. అది పడుకుని చదివే వస్తువు కాదు, గుండెల మీద పడితే అంతే.

ఓరుగల్లుపోరడు:
నవల మంచిదే అన్నా, కాదంటలేను. కానీ తమ్మీ, నువ్వు ముందుగాల 2008ది జూడు. పదమూడు ఎపిసోడ్లే. డైరెక్టర్ తకెయో తకహాషి, స్టూడియో ఇమాజిన్. బొమ్మలు గిప్పటి లెక్క మెరవయ్, మట్టిరంగుల ఉంటయ్. ఆ బండి పోతాంటె మనమే ఎనకాల కూసున్నట్టుంటది. కొత్తదాంట్ల అంత నున్నగున్నది, గాలి తగుల్తలేదు నాకైతే.

ఇంకోటి, ఏడో ఎపిసోడ్ టీవీల రాలే, డీవీడీలనే ఇచ్చిన్రు. అది దొరక్కుంటె కథ ఏం ఆగది.

పుస్తకాలపురుగు:
పాతదానికి నేను వ్యతిరేకిని కాదు. కానీ క్లోయి సంగతి చెప్పకుండా చూడమనడం అన్యాయం అన్నా.

నవలలో పాస్లో ఊరి నుంచి వచ్చి హోలోని పట్టించడానికి చూసేవాడు యారెయి, ఆ ఊరి రైతు. 2008లో వాణ్ని తీసేసి క్లోయి అనే అమ్మాయిని సృష్టించారు. ఆమెకు లారెన్స్ వ్యాపారం నేర్పించాడట, వాడంటే ఇష్టమట. దాంతో ఏమైంది? వందల ఏళ్లు పంటలు కాపాడిన దేవతను ఊరు ఊరంతా "నీ అవసరం ఇక మాకు లేదు" అని తోసేయడం అనేది అసలు గాయం. దాన్ని ఇద్దరాడవాళ్ల పంతంగా కుదించేశారు. 2024లో యారెయిని వెనక్కి తెచ్చారు. కొత్తదాన్ని నేను నెత్తిన పెట్టుకునేది ఆ ఒక్క కారణానికే.

ఓరుగల్లుపోరడు:
యారెయి కథల ఎంతసేపు ఉంటడన్నా? మొదట్ల పండుగకాడ రెండు మాటలు, ఆఖర్ల గుడ్డలు చింపుకునే లొల్లి. టీవీల చూసెటోనికి ఆ మొఖమే యాదికుండదు. క్లోయి మొదటి ఎపిసోడ్ల నవ్వుకుంట తిరిగింది, ఆమెనే ఆఖరికి ఎదురువడితె గుండెల కలుక్కుమంటది. ఊరు అంటె ఎవరు? ఎవరో ఒకరి మొఖం గావాలె గద.

చిల్లరలెక్క:
మీరిద్దరూ తేల్చుకునేలోపు రాత్రిబండి అడిగిన నాణేల సంగతి చూద్దాం. నేను చేసేది అకౌంట్స్ పనే, ఈ సిరీస్ పట్టుకుంది కూడా అందుకే.

దారిలో గుడిలో తలదాచుకున్న రాత్రి జెరెన్ అనే కుర్రాడు లారెన్స్ చెవిలో వేసిందేమిటి? ఫలానా వెండి నాణెంలో వెండి పాలు పెరగబోతోందని. అది నిజమైతే పాతవి ఇప్పుడు కూడబెట్టి, రేపు కొత్తవాటితో ఒకటికి ఒకటి మార్చుకుంటే వెండి మిగులుతుంది. సరే. కానీ వాడి గొంతులో అబద్ధం ఉందని హోలో చెవికి తెలిసిపోయింది. పాట్జియో ఊళ్లో షరాబు వైజ్ దగ్గర నాణేలు మోగించి విన్నారు. కొత్తగా కొట్టినవి వచ్చేకొద్దీ మోత మందగిస్తోంది. అంటే పెరగడం కాదు, తగ్గుతోంది.

ఇప్పుడు నీ ప్రశ్న. తగ్గేదాన్ని ఎందుకు కొంటారు?

వర్తకుడి వైపు నుంచి కాదు, రాజు వైపు నుంచి చూడు. ఖజానా ఖాళీ. పాత నాణేలు కరిగించి, వెండిలో రాగి పాలు పెంచి మళ్లీ కొట్టిస్తే పది నాణేల వెండితో పన్నెండో పదమూడో వస్తాయి. పైన ముద్ర ఆయనదే, విలువ ఆయన చెప్పిందే. ఆ మిగిలిన రెండు మూడూ ఉత్తపుణ్యానికి వచ్చిన సొమ్ము. కాకపోతే కరిగించడానికి పాత నాణేలు చేతికి రావాలి. అవన్నీ జనం మూటల్లో, పెట్టెల్లో ఉన్నాయి. ఎవరైనా వాటిని పోగేసి ఒక్క మొత్తంగా తెచ్చి ముందు పోస్తే, రాజు వాళ్లకు డబ్బు ఇవ్వడు, డబ్బు లేకే కదా ఈ పని! హక్కులు ఇస్తాడు. సుంకం మినహాయింపు లాంటివి. మిలోనెకి పోటీగా ఉన్న మెడియో కంపెనీ గురి ఆ హక్కుల మీద. నాణెం కేవలం రాజుగారి గుమ్మం దాటడానికి టికెట్టు. మిలోనె వాళ్లు లారెన్స్ ద్వారా ఇది పసిగట్టి ఆ టికెట్టు ముందే కొనేద్దామనుకున్నారు.

జెరెన్ పాత్ర ఇక్కడే అందంగా ఉంటుంది. పెరుగుతుందని ఊరిస్తే చిన్నచిన్న వర్తకులు తలా కాస్త పోగుచేస్తారు. తీరా తగ్గుతోందని తెలియగానే బెదిరిపోయి అయినకాడికి తెగనమ్ముతారు. మెడియో ఎత్తుకుంటుంది. జెరెన్ ఒప్పందంలో ఏముంది? లాభమొస్తే వాటా, నష్టమొస్తే తీసుకున్న రుసుము వెనక్కి. అంటే మోసపోయినవాడు వచ్చి గల్లా పట్టుకునే అవకాశం కూడా లేదు. "నీ డబ్బు నీకిచ్చేశాగా" అంటాడు. ఇంత నీటుగా మోసం రాసిన రచయిత నిజంగా బుర్ర ఉన్నవాడు.

రాత్రిబండి:
ఓహో. అంటే నాణెం విలువ మీద కాదు పందెం, రాజు అవసరం మీద. ఇప్పుడు వెలిగింది గురూ. అనిమేలో ఈ మాట అన్నారా అసలు?

చిల్లరలెక్క:
అన్నారు. రెండింట్లోనూ అన్నారు. మాటల మధ్యలో చకచకా పోతుంది. పుస్తకంలో అయితే వెనక్కి తిప్పి మళ్లీ చదువుకోవచ్చు.

ఓరుగల్లుపోరడు:
గిది మన తుగ్లక్ ముచ్చట లెక్కనే ఉన్నది గదనే.

మోటుపల్లిరేవు:
లేదు మిత్రమా, తుగ్లక్‌ది వేరే దారి. 1329-30 ప్రాంతంలో ఆయన రాగి, ఇత్తడి నాణెం వేసి దాన్నే వెండి టంకా కింద చెల్లుతుందన్నాడు. బండారం దాచలేదు, బాహాటంగానే చేశాడు. ఇంకేం, ఇళ్లలోనే టంకశాలలు వెలిశాయి. ఇక్కడ ట్రెన్నీ రాజు చేసేది చాటుమాటు వ్యవహారం: పేరు వెండి, లోపల రోజురోజుకీ రాగి. దీనికి సరిగ్గా సరిపోయేది ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ 1544లో మొదలుపెట్టిన పని. నాణెం అరిగేకొద్దీ ముందుకు పొడుచుకొచ్చిన రాజుగారి ముక్కు మీద రాగి బయటపడేది. జనం ఆయనకు "రాగిముక్కు" అని పేరు పెట్టేశారు. 1551 దాకా సాగింది ఆ తంతు.

ఈ నవలల్లో యూరప్ అన్న పేరు ఉండదు, ఊళ్లూ రాజ్యాలూ అన్నీ కల్పితమే. కానీ కింద పునాది మొత్తం అసలు చరిత్రే. ఫ్రెంచి చరిత్రకారుడు జాన్ ఫావియే మధ్యయుగపు వర్తకం మీద రాసిన "బంగారం, సుగంధ ద్రవ్యాలు" అనే పుస్తకం చదివి హసెకురా ఈ సిరీస్‌కు ఆ పేరు పెట్టుకున్నాడు. రెండో సంపుటంలో ఉత్తరాదికి ఏటా వెళ్లే దండయాత్ర ఉంటుంది చూశారా, దాన్ని నమ్ముకుని లారెన్స్ కవచాలు కొంటాడు? ట్యూటానిక్ వీరులు చలికాలంలో ప్రష్యా నుంచి లిథువేనియా మీదికి వెళ్లేవారే, నాకు అదే గుర్తొస్తుంది.

హోలో కూడా గాల్లోంచి ఊడిపడలేదు. జర్మనీ పల్లెల్లో గాలికి చేను అలలా ఊగితే "తోడేలు చేలో తిరుగుతోంది" అనేవారు. కోతల్లో ఆఖరి పన కోసినవాడి చేతిలో తోడేలు చిక్కిందని వేళాకోళం. విల్‌హెల్మ్ మన్‌హార్ట్ అనే ఆయన ఈ నమ్మకాల మీదే 1865లో ఓ పుస్తకం వేశాడు. మొదటి అధ్యాయంలో పాస్లో పండుగ అచ్చం అదే.

మనవైపు చూస్తే, ఇంచుమించు ఆ కాలంలోనే, 1244లో, కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. గాలివానకు కొట్టుకొచ్చి పగిలిన ఓడల సరుకు మొత్తం వెనకటి రాజులు లాక్కునేవారనీ, తాను సుంకం తప్ప మరేమీ తీసుకోననీ. ముప్పైలో ఒక వంతు సుంకం. లారెన్స్ ఆ శాసనం చదివి ఉంటే బండి అమ్మేసి ఓడ ఎక్కేవాడు.

గీతలపిచ్చి:
మాస్టారు మోటుపల్లి దాకా లాక్కుపోయారు! పేరు చూసినప్పుడే అనుమానించాల్సింది.

మాంగా గురించి ఎవరూ మాట్లాడట్లేదు, నేను చెప్తా. కెయితో కోఉమె గీసింది. దెంగెకి మావో పత్రికలో 2007 నుంచి 2018 దాకా నడిచింది, 16 సంపుటాలు. పాత అనిమే, కొత్త అనిమే ఏదీ చేరని దూరం వెళ్లింది. సంత, మార్కెట్ వీధి, నది ఒడ్డున పడవలు దిగే చోటు... ఆ పేజీల్లో ఆగిపోవచ్చు. బళ్ల చక్రాలు, పీపాలు, గొర్రెతోళ్ల కట్టలు, ఒక్కో వస్తువుకీ బరువు కనపడుతుంది. లారెన్స్ చేసేది సరుకు వ్యాపారం అని కళ్లతో తెలిసేది మాంగాలోనే.

హెచ్చరిక కూడా చెప్పాలి. కోఉమె అంతకుముందు పెద్దలకు మాత్రమే అనే బొమ్మలు గీసిన మనిషి, ఆ చెయ్యి అక్కడక్కడా బయటపడుతుంది. నవల్లో ఒక్క వాక్యంలో పోయే చోట ఇక్కడ పేజీ నిండా హోలో బట్టల్లేకుండా ఉంటుంది. బస్సులో పక్కసీట్లో ఎవరున్నారో చూసుకుని తెరవండి.

నక్షత్రవీధి:
ఆ హెచ్చరిక పెట్టినందుకు థాంక్స్ గీతలపిచ్చి. నేను మాంగా రెండో సంపుటంలోనే ఆపేసింది అందుకే. మాటకు మాట అప్పజెప్పే మనిషి అది, వయసులో లారెన్స్ ముత్తాతల కంటే పెద్దది. దాన్ని తీసుకొచ్చి అలంకారంగా నిలబెడితే ఒళ్లు మండింది.

ఇక్కడ అందరూ నాణేల దగ్గరే ఉన్నారు కాబట్టి నేను గమనించింది చెప్తా. ఈ కథంతా అప్పు మీద నడుస్తుంది. మొదటి సంపుటం ఆఖర్లో హోలో వెళ్లిపోబోతుంటే లారెన్స్ "నిన్ను ప్రేమిస్తున్నా" అంటాడా? అనడు. నువ్వు చింపేసిన బట్టలు నేను కొన్నవి, ఆ డబ్బు ఇచ్చేదాకా ఉత్తరాది అడవులదాకా అయినా వెంటపడతా అంటాడు. ఎంత సిగ్గుపడే మనిషి అయితే ప్రేమని బాకీ కింద రాసుకుంటాడు!

రెండోదాంట్లో అరువు మీద కొన్న కవచాలు. మూడోదాంట్లో కుమెర్సన్‌లో అమాటి అనే చేపల వర్తకుడు, పాపం చిన్నపిల్లాడు, హోలో లారెన్స్‌కి బాకీ ఉందన్న మాట నిజమనుకుని ఆ బాకీ తీర్చేసి పెళ్లి చేసుకుంటానని అందరి ముందూ ఒప్పందం రాసేస్తాడు. నాలుగులో టెరియో ఊరు: అమ్మిన రై ధాన్యంలో విషం ఉందని వెనక్కి తోలేస్తే, తీసుకున్న డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది, ఊరంతా బాకీ. ఐదులో లెనోస్‌లో హోలోనే తాకట్టు పెట్టి డబ్బు తెస్తాడు. వరసగా చూడండి. మొదట హోలో బాకీదారు, చివరికి హోలోనే తాకట్టు వస్తువు. హసెకురా ఇది తెలియకుండా రాశాడంటే నేను నమ్మను.

చిల్లరలెక్క:
నక్షత్రవీధి గారూ, ఇన్నేళ్లుగా చదువుతున్నా, ఇలా వరస పెట్టి చూడలేదు. ఐదోదానికి ఒకటి కలుపుతా: అక్కడ తోళ్లు కొనాలంటే బయటి వర్తకులు రొక్కమే తేవాలని నగర సభ షరతు పెడుతుంది. అరువు చెల్లదు. మాట మీద, వర్తక సంఘం పేరు మీద బతికే మనిషి ముందు ఆ తలుపు మూసేశారు. రొక్కం కావాలంటే అతని దగ్గరున్న విలువైనది ఒక్కటే.

తూకంరాయి:
అయ్యా, మీరంతా పెద్ద చదువులు చదివినవాళ్లండీ. నాకు ఈ సిరీస్‌లో నచ్చింది ఒక్క త్రాసు సీను. మాది టోకు కిరాణా, రావులపాలెం వైపు.

రెండో సంపుటం మొదట్లోనండి, పొరోసన్‌లో లారెన్స్ మిరియాలు అమ్ముతాడు. త్రాసు నిఖార్సుగా ఉంది, ముల్లు మధ్యలో ఉంది, రాళ్లూ సరిగ్గానే ఉన్నాయి. హోలో కళ్లు తిరుగుతున్నాయని నీళ్లడిగి, ఆ నీళ్లు బల్ల మీద ఒంపేస్తుంది. నీళ్లు ఒకవైపుకి జారిపోతాయి. బల్లే వాలుగా ఉందండీ! మా నాన్నగారు పళ్లేల త్రాసు వాడే రోజుల్లో ఎక్కడికైనా సరుకు తూయించడానికి వెళ్తే ముందు రాళ్లు చూసేవారు కాదు, కాటా కింద నేల చూసేవారు. దొంగతూకం రాళ్లలోనే ఉంటుందనుకుంటారు తెలియనివాళ్లు. ఒక ఊళ్లో ఒక ఆసామి కాటా కింద ఒకవైపు అట్టముక్క మడిచి పెట్టేవాడు, పేరెందుకులెండి ఇప్పుడు.

కానీ అసలు పాఠం తర్వాతుంది. లారెన్స్ అక్కడ గోల చెయ్యడు. బయటపెట్టనని మాటిచ్చి, అందుకు బదులుగా డబ్బుకు రెండింతల సరుకు అరువు మీద రాయించుకుంటాడు. మనం చప్పట్లు కొడతాం. ఆ సరుకు కవచాలు. రూవిన్‌హైగెన్ చేరేసరికి దండయాత్ర రద్దయింది, కవచాల ధర నేలకి కరుచుకుపోయింది. ఎదుటివాడి నోరు నొక్కి తెచ్చిన అరువే మెడకి చుట్టుకుంది. సొంత డబ్బుతో కొనుంటే నష్టపోయేవాడు. అరువుతో కొన్నాడు కాబట్టి మునిగిపోయాడు.

పుస్తకాలపురుగు:
ఆ తర్వాత అప్పు కోసం ఇల్లిల్లూ తిరిగే సీను ఉంది చూశారా. సంఘంలో అందరూ తెలిసినవాళ్లే, అయినా తలుపులు మూసుకుంటున్నాయి. ఎందుకంటే డబ్బు అడగడానికి ఆడమనిషిని వెంటేసుకుని వచ్చాడు! అది తెలిసిన క్షణంలో హోలో చెయ్యి పట్టుకోబోతే విదిలించేస్తాడు. ఆ విదిలింపు తర్వాత లారెన్స్ తన చెయ్యి తానే చూసుకునే వాక్యాలు చదివి పుస్తకం మూసేసి కాసేపు తిరిగొచ్చాను. రాత్రిబండి, నవలతో మొదలుపెట్టమనడానికి నా దగ్గర ఇంతకంటే రుజువు లేదు.

ఓరుగల్లుపోరడు:
ఆ సీన్ల జున్ ఫుకుయామా గొంతు విన్నవా అన్నా 2008ల? గొంతు పగిలినట్టు వస్తది. నీ పుస్తకంల అది యాడికెల్లొస్తది?

ఒసాకాబావ:
గొంతుల సంగతి వచ్చింది కాబట్టి నేనూ ఒక మాట వేస్తా. 2024లో కూడా లారెన్స్‌కి జున్ ఫుకుయామా, హోలోకి అమి కోషిమిజు. పదిహేనేళ్ల తర్వాత అదే జంట. ఇంగ్లీషు డబ్బింగులో కూడా పాత గొంతులే, మైకేల్ టేటమ్, బ్రినా పాలెన్షియా. తకహాషి ఈసారి ప్రధాన దర్శకుడు, దర్శకత్వం హిజిరి సాన్‌పెయి, స్టూడియో పాసియోన్. సంగీతం కెవిన్ పెన్‌కిన్. కాబట్టి "కొత్తవాళ్లొచ్చి పాడుచేశారు" అనే మాట ఇక్కడ చెల్లదు. వయసు పెరిగిన గొంతుతో ఫుకుయామా లారెన్స్ ఇంకా నెమ్మదిగా, ఇంకా అలిసిపోయినట్టు వినిపిస్తాడు. నాకు అదే నచ్చింది.

2009 సీజన్ (స్టూడియో బ్రెయిన్స్ బేస్) మూడో సంపుటం చేసి, నాలుగు వదిలేసి, ఐదుకి దూకింది. టెరియో ఊరు, చర్చిని ఒంటిచేత్తో నిలబెట్టుకునే ఎల్సా, ఊళ్లో ఎవరూ నమ్మని మిల్లు కుర్రాడు ఇవాన్... పాత అనిమే ఒక్కటే చూసినవాళ్లకి ఈ మనుషులే తెలియదు. 2024 ఆ గుంత పూడ్చింది. అందుకే నా లెక్క ప్రకారం కథ కోసం కొత్తది, వాతావరణం కోసం పాతది.

జపనీస్ నేర్చుకునేవాళ్లకు ఒక మాట: దెంగెకి బుంకో పుస్తకం అరచేతిలో ఇమిడే సైజు, జేబులో పడేసుకుని తిరగొచ్చు. అయితే దీంతో మొదలుపెట్టకండి. హోలో మాట్లాడేది పాతకాలపు యాస, వర్తకం మాటలు వేరే తలనొప్పి. నాకు మొదటి అధ్యాయంలోనే చుక్కలు కనిపించాయి.

గీతలపిచ్చి:
మూడో సంపుటంలో పైరైట్ రాళ్ల గోల ఎవరైనా విడమర్చి చెప్తారా? అమాటి ఓడిపోయాడని తెలుసు, ఎలా ఓడాడో మూడుసార్లు చూసినా అంతుపట్టలేదు.

చిల్లరలెక్క:
క్లుప్తంగా. బంగారంలా మెరిసే ఆ రాయి జాతకానికి మంచిదని ఊళ్లో పుకారు లేచి ధర పెరుగుతోంది. అమాటి ఆ రాళ్ల మీదే సంపాదించి బాకీ కట్టేయాలని చూస్తున్నాడు. లారెన్స్ వాడికి రాళ్లు అమ్ముతాడు, కాకపోతే డబ్బు ఇప్పుడు పుచ్చుకుని సరుకు తర్వాత ఇస్తానన్న ఒప్పందం మీద. ధర పడిపోతే చవగ్గా కొని ఇచ్చేయొచ్చు, మిగిలింది లాభం. మన షేర్లవాళ్లు షార్ట్ కొట్టడం అంటారే, అదే. మరి ధర పడాలంటే ఎవరో ఒకరు గంపెడు రాళ్లు ఒక్కసారిగా మార్కెట్లో పోయాలి. ఆ రాళ్లు ఎవరి దగ్గరున్నాయి, వాళ్లు ఎవరి పక్షం అన్నదే మిగతా ఉత్కంఠ అంతా. లారెన్స్ లెక్కలో తప్పు లేదు. హోలో తన పక్షాన ఉందా లేదా అన్నదొక్కటే లెక్కకు దొరకదు.

హసెకురాకి ఈ పిచ్చి తర్వాత కూడా పోలేదు. చంద్రుడి మీద షేర్ మార్కెట్ పెట్టి "వరల్డ్ ఎండ్ ఎకనామికా" అనే విజువల్ నవల (తెర మీద బొమ్మలతో చదువుకునే కథ) రాశాడు.

నక్షత్రవీధి:
చిల్లరలెక్క గారూ, మూడోదాంట్లో మార్కెట్ కంటే ముందు జరిగింది మర్చిపోకండి. హోలో ఊరు యోయిత్సు నాశనమైందన్న కథ లారెన్స్‌కి ముందే తెలుసు. చెప్పకుండా దాచాడు. హోలో ఉత్తరం చూసి తెలుసుకుంది. ఇక్కడ వాడి తప్పు దాచడం ఒక్కటే కాదు, ఆమె ఏడుస్తుంటే ఏం మాట్లాడాలో తెలియక నిలబడిపోవడం. ఆ మర్నాటి నుంచి వాడు పైరైట్ మీద అంత పిచ్చిగా పడింది గెలవడానికి కాదు, ఆమెతో మాట్లాడే ధైర్యం లేక. లెక్కలు సులువు కదా.

హోలో వైపు నుంచి వినాలనుకుంటే ఏడో సంపుటంలో ఒక చిన్న కథ ఉంది, ఆమె జబ్బు పడినప్పటిది. అది హోలో మనసులోంచి రాశాడు. ఆరు సంపుటాల పాటు లారెన్స్ అంచనా వేస్తూ వచ్చిన ముఖం వెనక ఏముందో అక్కడ తెలుస్తుంది. 2009లో దాన్ని విడి ఎపిసోడ్‌గా కూడా తీశారు.

ఓరుగల్లుపోరడు:
అక్కా, ఏడో సంపుటం అన్నవ్. పిలగాడు ఐదు దాటొద్దన్నడు!

నక్షత్రవీధి:
ఆ కథ జరిగేది రెండు, మూడు సంపుటాల మధ్యలోనే తమ్ముడూ. స్పాయిలర్ కిందికి రాదు.

రాత్రిబండి:
సరే, తీర్పు ఇచ్చేశా. నవల మొదటి సంపుటం, తర్వాత పాత అనిమే. మాంగా తర్వాత చూద్దాం, బస్సులో మాత్రం కాదు.

మొదటి సంపుటం మొదలుపెట్టి ఇప్పటికే సగం దాటా. తోళ్ల బేరంలో హోలో ఆ తోళ్లకి పళ్ల వాసన ఉందని చెప్పి మిలోనె గుమాస్తా చేత రేటు పెంచించే చోట గట్టిగా నవ్వాను. అనిమేలో లారెన్స్ ఆశ్చర్యపోవడం ఒక్కటే కనిపించింది. పుస్తకంలో వాడు సిగ్గుపడతాడు, ఇన్నేళ్లు తిరిగి ఈ ఎత్తు తనకెందుకు తట్టలేదని.

ఒక్క అనుమానం. చివర్లో మిలోనె నుంచి రావలసింది వెండిగా కాకుండా మిరియాలుగా తీసుకుంటాడని అనిమేలో చూశా. డబ్బే తీసుకోవచ్చుగా?

చిల్లరలెక్క:
ఇంత జరిగాక వెండి నాణెం మీద నీకింకా నమ్మకం ఉందా? నాణెం విలువ రాజు దయ. మిరియాలు తేలిక, చెడిపోవు, ఎక్కడికెళ్లినా అడిగేవాడుంటాడు, కొన్న ఊళ్లో కంటే పక్క ఊళ్లో నాలుగు డబ్బులు ఎక్కువే పలుకుతాయి. బండి మీద తిరిగేవాడు ఖాళీ బండితో ఊరు దాటడం కూడా నష్టమే లెక్క.

తూకంరాయి:
ఆ మిరియాలేనండీ పొరోసన్‌లో ఆ వాలుబల్ల మీద త్రాసెక్కేవి. మొదటిది అవ్వగానే రెండోది చేతిలో ఉంచుకోండి, మధ్యలో ఆగలేరు.

నిర్వాహకులు:
ఆరో సంపుటం నుంచి, 2016 తర్వాత వచ్చిన పుస్తకాలతో సహా, మాట్లాడాలనుకునేవారికి వేరే థ్రెడ్ తెరిచాం. కోల్ అనే పాత్ర గురించి ఇక్కడ రాసిన రెండు పోస్టులను అక్కడికి మార్చాం. క్లోయి, యారెయి గొడవ ఇక్కడే కొనసాగించుకోవచ్చు, మర్యాద తప్పకుండా.

ఓరుగల్లుపోరడు:
మర్యాదతోనే చెప్తున్న. క్లోయినే గెలుస్తది.